పెట్టెలో ఇమడని రుచులు

ఊరు పోయి వచ్చిన వారిని మన యిండ్లలో క్షేమసమాచారము అడిగిన పిమ్మట అడుగు మాట, ఏమి తెచ్చితివన్నది. కాకినాడ పోయినవారు కాజాలతోను, బందరు పోయినవారు లడ్డుతోను, రాజమహేంద్రవరము మీదుగా వచ్చినవారు పూతరేకులతోను గడపలో అడుగు పెట్టుట తరతరములుగా వచ్చుచున్న మర్యాద. చుట్టపక్కములకు, ఇరుగుపొరుగులకు తలకొక ముక్క పంచి, దూరపు ఊరి రుచిని తనవారందరికి చూపించు ఈ ఆచారము కంటె ముచ్చటైనది మన సాంఘిక జీవనమున అరుదు. అయితే ఈ ఆచారమే ఇన్నాళ్లుగా తెరచాటున ఒక వడపోత సాగించుచు వచ్చినదని గుర్తించినవారు తక్కువ. ఊరి పేరు తగిలించుకొని దేశమంతట ప్రసిద్ధికెక్కిన మిఠాయిలను వరుసగా తలచి చూచినచో, అవి యన్నియు రైలుపెట్టెలో ఒక రాత్రి గడపియు, బస్సు కుదుపులకు ఓర్చియు, పలు దినములు అలమరలో నిలిచియు చెడనివే. అనగా ఒక తినుబండారమునకు కీర్తి కలుగుటలో దాని రుచికి ఎంత పాలున్నదో, ప్రయాణమునకు ఓర్చుకొను దాని శక్తికిని అంత పాలున్నది. అట్టి ఓర్పు లేని రుచులు ఎంత ఉత్తమములైనను పుట్టిన ఊరిలోనే, పుట్టిన వీధిలోనే నిలిచిపోయినవి.

కావున బాటసారికి నేను చెప్పదలచినది ఒక్కటే. పెట్టెలో కట్టించుకొని తేగల వస్తువు కొఱకు ప్రత్యేకముగా ఊరు పోనక్కరలేదు. నేడు తాపేశ్వరపు కాజా హైదరాబాదులోను, బెంగుళూరులోను దొరకుచున్నది, సముద్రములు దాటి తెలుగువారున్న నగరములకును చేరుచున్నది. ఊరు పోయినప్పుడు వెదకవలసినవి పొయ్యి ప్రక్కనే, ఆ గడియలోనే తినదగిన పదార్థములు. ప్రసిద్ధములైన మిఠాయిల విషయమున సైతము, అవి పెట్టెలోనికి ఎక్కక ముందు కొద్దిసేపు మాత్రమే నిలుచు ఒక దశ యున్నది. దానిని అందుకొనుటకే అక్కడిదాక పోవుట.

ఈ మాటకు సాక్ష్యము కావలెనన్న కృష్ణ మొదలుకొని గోదావరికి ఆవలి దాక ప్రయాణము చేసిన చాలును. మదరాసు నుండి హౌరాకు పోవు రైలుమార్గము వెంట, బెజవాడ మొదలు అనకాపల్లి వరకు, పలు ఊళ్లు తమ తమ తీపి వస్తువులను తామే పుట్టించుకొన్నవి. దీనికి కారణము భూమిలోనే యున్నది. ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప గోదావరి నీరు కాలువల వెంట పొలములకు పారి, వరియు, చెఱకును, కొబ్బరియు సమృద్ధిగా పండజొచ్చెను. పచ్చగడ్డికి కొదువ లేనందున పాడియు పెరిగెను. బియ్యము, బెల్లము, కొబ్బరి, గేదెనెయ్యి ఒక్క చోటనే చేతికందునప్పుడు పండుగ లేని దినమున సైతము పిండివంట చేయగల స్తోమత గృహస్థునకు కలుగును. ఇంటిలో కుదిరిన వంట కాలక్రమమున అంగడికి ఎక్కును. అనకాపల్లి బెల్లపు బజారు నేటికిని ఈ తీపి నంతటిని మోయుచున్నది.

కాజానే మొదట చూతము. మైదాపిండిని నెయ్యితో గాని నూనెతో గాని చక్కగా మర్దించి, పలుచగా వత్తి, పొర మీద పొరగా చుట్టి, ముక్కలు కోసి, అదిమి, సన్నని సెగపై వేయించి పాకములో ముంచుట దాని విధానము. తాపేశ్వరపు మడత కాజాలో ఆ పొరలు విడివిడిగా కనబడును. కాకినాడ గొట్టము కాజా లోపల డొల్లగా నుండి, ఆ డొల్ల నిండ పాకము నిలిచియుండును. ఈ వస్తువు ఇంతకాలము చెడక నిలుచుటకు మూలము పాకములో నున్నది. చక్కెరనీళ్లు మరిగి మరిగి తీగపాకము వచ్చు వేళకు వేడిమి సుమారు 110 డిగ్రీలకు చేరును. అప్పటికి నూటికి దాదాపు 80 పాళ్లు చక్కెరయే మిగులును. మిగిలిన ఆ కొద్ది నీటిని చక్కెర తన యందే పట్టియుంచుటచే బూజునకు గాని, కంటికి కానరాని ఇతర సూక్ష్మజీవులకు గాని బ్రతుకుటకు తడి దొరకదు. అందుచే కాజా దినముల తరబడి నిలువయుండును.

అయితే వస్తువు నిలుచుట వేరు, రుచి నిలుచుట వేరు. దినములు గడచిన కొలది పాకములోని తేమ మెల్లమెల్లగా వేగిన పొరలలోనికి ఇంకి, వాని కరకర తగ్గును. పైన అంటియున్న పాకము గట్టిపడి చక్కెరపలుకు తేలును. పెట్టె విప్పి మనము తినునది ఈ దశలోని కాజా. పాకములోనుండి తీసిన గంట లోపల తిన్నప్పుడు పై పొర పంటి క్రింద కరకరలాడుచుండగా లోపలి పాకము ఇంకను గోరువెచ్చగా నుండును. గొట్టము కాజానైతే కొద్దిగా వంగి, జాగ్రత్తగా కొరకవలెను, లేనిచో లోపలి పాకము మోచేతి దాక కారును. పెట్టెలోని కాజాయు, అప్పుడే దిగిన కాజాయు ఒక్కటే యని చెప్పుటకు నాకు మనసొప్పదు. అందుకే కాకినాడలో గాని తాపేశ్వరములో గాని కొట్టు మెట్లెక్కగానే అడుగవలసిన మాట, కిలో ఎంత యని గాదు. వాయి ఎప్పుడు దిగునని. పని చేయువారు ఆ ప్రశ్నకు ఎంతో ఆదరముతో సమాధానము చెప్పుదురు. తమ వస్తువును దాని మంచి గడియలో తినవలెనని కోరువాడు దొరకుట వారికిని సంతోషమే.

కొన్ని వస్తువుల విషయమున ఈ తొందర అక్కరలేదు. శనగపిండిని పూసగా నేతిలో వేయించి, దంచి, జల్లించి, బెల్లపు పాకము చేర్చి, మరల నెయ్యి పోయుచు తొక్కి ఉండ చుట్టెడు బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఉత్తర దేశపు బుందేల్‌ఖండు నుండి వచ్చి స్థిరపడిన బొందిలి కుటుంబములవారు దానిని బందరునకు తెచ్చిరని ఊరివారు చెప్పుకొందురు. గోధుమలను నానవేసి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలను చక్కెరతోను నేతితోను పొయ్యి మీద దీర్ఘకాలము కలియబెట్టుచు దించు మాడుగుల హల్వాయు అట్టిదే. తుని సమీపమున పెరుమాళ్లపురపు బెల్లపు గారెలు కూడ చాల దినములు నిలుచును. ఇవి బాటసారి సంచి కొఱకే పుట్టినవి. కొని సంచిలో వేసికొని ముందుకు సాగవచ్చును.

ఆత్రేయపురము వద్ద మాత్రము ఆగవలెను. లొల్ల లాకులకు సమీపముననున్న ఈ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. పెద్ద బాట ప్రక్కన వరుసగా కొట్లు వెలసినవి. కొట్టులో పెట్టె కొని వెనుదిరిగినవారు సగమే చూచినట్లు. వీధుల లోపలికి పోయి, రేకు తీయు ఇంటి ముంగిట నిలుచుండి, చూడవచ్చునా యని మర్యాదగా అడిగినచో కాదనువారు అరుదు. అక్కడ ఒక పెద్ద కుండ, అడుగు భాగము పైకి వచ్చునట్లు పొయ్యిగా అమర్చబడి యుండును. దాని మూతి గుండ లోపలికి ఎండు కొబ్బరాకులు ఒక్కొక్కటిగా నెట్టుచు రేకు తీయు స్త్రీ మంటను నిలుపుచుండును. ప్రక్కన వెడల్పు పాత్రలో బియ్యమును నానవేసి మెత్తగా రుబ్బి నీళ్లవలె పలుచన చేసిన పిండి. చేతనున్న పలుచని గుడ్డను ఆ పిండిలో ముంచి, రెండు చేతుల అంచులు పట్టి, కాగియున్న కుండ అడుగు మీదుగా ఒక్క లాగులో ఈవలి నుండి ఆవలికి పఱచి తీయును. గుడ్డ లేచిన మరుక్షణమే కుండపై ఉల్లిపొర వంటి రేకు తేలి, ఆరి, అంచులు తానుగా పైకి లేచును. ఆ అంచును వ్రేళ్ల కొసలతో అందుకొని, చిరుగకుండ ఊడదీసి, ప్రక్కనున్న దొంతరపై వేయును. గుడ్డ కొంచెము నిదానించిన రేకు మందమగును. మంట కొంచెము హెచ్చిన మాడును. పిండి కొంచెము చిక్కబడిన రేకు ముక్కలగును. ఈ మూడింటిని కొలుచుటకు ఆమెకు కన్నును చేయియును తప్ప వేరు సాధనము లేదు. పొయ్యి సెగకు ముఖము కందుచుండగా ఉదయము నుండి ఈ పని చేయు స్త్రీల శ్రమ చూచిన తరువాత పూతరేకు ధర ఎక్కువయని బేరమాడుటకు నోరు రాదు. నా దృష్టిలో అది చేతిపనితనమునకు ఇచ్చు గౌరవమే గాని ధర కాదు.

రేకును చుట్టుటయు అక్కడనే చూడవచ్చును. పెళుసుగానున్న రేకుపై తడిగుడ్డ ఒక్కసారి తాకించి మెత్తబఱచి, కరిగిన నెయ్యి రాచి, మెత్తని చక్కెరపొడి గాని బెల్లపుపొడి గాని చల్లి, పైన మఱియొక రేకు ముక్క పఱచి మడచుదురు. అప్పుడే మడచినది నోట పెట్టుకొన్న వెంటనే రేకు కరగిపోయి, నెయ్యి వాసన నిలిచి, చక్కెర చివరకు నాలుకపై మిగులును. మఱునాటికి నెయ్యి పేరుకొని, రేకు తేమ పీల్చి కొంచెము సాగును. అప్పటికిని అది మంచి మిఠాయియే, కాని ఈ వరుస దానిలో ఉండదు.

ఇంతవరకు చెప్పినవి పెట్టెలో కొంతవరకైనను ఇముడునవి. కోనసీమలోని అంబాజీపేటలో పొట్టిక్కలు అసలే ఇమడవు. నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో కుట్టి గిన్నెగా చేసి, అందులో ఇడ్లీపిండి పోసి, ఆవిరిపై ఉడికించుటయే పొట్టిక్క. దీనిలో కొత్త దినుసు ఏదియు లేదు. మినపపప్పు, బియ్యపురవ్వ ప్రతి యింట నున్నవే. కాని ఆవిరికి పనసాకు ఉడికి, తన పచ్చి పరిమళమును పిండికి ఇచ్చుటచే ఇడ్లీకి లేని ఒక కమ్మదనము దానికి అబ్బును. ఆకు విప్పునప్పుడు ముఖమునకు తగులు ఆవిరిలోనే ఆ పరిమళము సగము పోవును. చల్లారిన పొట్టిక్క వట్టి ఇడ్లీయే. తెల్లవారుజామున బయలుదేరి, ఉదయపు ఫలాహారము వేళకు ఆ ఊరు చేరునట్లు ప్రయాణము కుదుర్చుకొన్న వారికే అది దక్కును. ఆలస్యముగా లేచి, పదకొండు గంటలకు పోయి, గిన్నెలు కడుగుచుండగా విచారించుట వలన ప్రయోజనము లేదు.

ఫలాహారశాలల సంగతి వచ్చినది గనుక బెజవాడను దాటిపోరాదు. గాంధీనగరములో 1942 నుండి నడచుచున్న బాబాయి హోటలులో ఇడ్లీపై వెన్న వేసి ఇత్తురు. కారప్పొడి, నెయ్యి ప్రక్కన నుండును. వేడి ఇడ్లీపై వెన్న పూర్తిగా కరగక ముందు, అంచులు మాత్రము జారుచున్నప్పుడు తినవలెను. పెసరట్టును గూర్చియు ఇదే మాట. పొట్టుతోనే నానిన పెసలను అల్లము, పచ్చిమిరపతో రుబ్బి, పులియబెట్టకయే పెనముపై పోయుట చేత దాని అంచు పెళుసుగాను, నడుమ మెత్తగాను వచ్చును. కడుపులో ఉప్మా పెట్టి మడచి, అల్లపు పచ్చడితో వడ్డించిన పెసరట్టు, పొట్లము కట్టిన నిమిషములలోనే తన ఆవిరికి తానే తడిసి మెత్తబడును. పొట్లములో ఇంటికి తెప్పించుకొని తిన్నవారు పెసరట్టు బాగులేదన్నచో ఆ తీర్పును నేను అంగీకరించను. వారు తిన్నది వేరొక పదార్థము.

భోజనశాలలలో కాకినాడ సుబ్బయ్యగారి హోటలు పేరు ఎఱుగని తెలుగువారు తక్కువ. అరిటాకులో వరుసగా పడు కూరలు, పప్పు, పులుసు, పచ్చళ్లు, పెరుగు, నడుమ నడుమ వడ్డించువారి బలవంతము — ఈ భోజనమును బుట్టలో కట్టి ఇచ్చుటయు ఆ హోటలువారి వలన ప్రసిద్ధమైనది. బుట్ట భోజనము రైలు ప్రయాణీకునకు గొప్ప ఉపకారము. ఇంటి వంట వంటి అన్నము కంపార్టుమెంటులో దొరకుట సామాన్యము కాదు. అయినను తీరిక యున్నవారు ఆకు ముందే కూర్చుండవలెనని నా మతము. 'ఇంకొంచెము వేసికొనండి' యను మాట బుట్టలో రాదు. తినువాని ఆకు వంక చూచి, ఏది తఱిగినదో గమనించి, అడుగకయే ఆ కూర తెచ్చు మనుష్యుని చూపును వంటకములలో ఒకటిగా లెక్కింపవలసినదే.

స్థలమునకు కట్టుబడిన రుచులున్నట్లే ఋతువునకు కట్టుబడినవియు కలవు. వేసవిలో గోదావరి జిల్లాల బాటల వెంట తాటిముంజెలు కోసి ఇచ్చువారు కనబడుదురు. లేత ముంజెను కోసిన వెంటనే బొటనవ్రేలితో పొడిచి, లోపలి నీటితో సహా జుఱ్ఱుకొనవలెను, సాయంకాలమునకు అది ముదురును. శీతకాలమున అవే తాటిటెంకల నుండి మొలచిన తేగలను కాల్చి కట్టలుగా అమ్ముదురు. హైదరాబాదు మొజంజాహీ మార్కెటులో చేతితో త్రిప్పి చేయు పండ్ల ఐస్‌క్రీము వేసవిలో మామిడితోను, శరత్తు దాటుచుండగా సీతాఫలముతోను వచ్చును. సీతాఫలము దొరకు దినములు స్వల్పములు, దాని గింజలు తీసి గుజ్జు సిద్ధము చేయుటయే ఒక పూట పని. జున్ను సంగతి చెప్పనక్కరలేదు: ఈనిన గేదె మొదటి పాలు ఎవరి కొఱకును కాచుకొని యుండవు, తటస్థపడినప్పుడు వదలరాదు.

క్రొత్త ఊరిలో ఎక్కడ తినవలెనను సందేహము ప్రతి బాటసారికి కలుగునదే. పెద్ద బోర్డులను, దీపాలంకారములను నమ్ముట కంటె రెండు మూడు సంగతులు గమనించుట మేలు. పొయ్యి కనబడు చోట తినుట ఉత్తమము. జనము ఎక్కువగా వచ్చి పోవు చోట వస్తువు నిలువయుండదు. వండినది వండినట్లు చెల్లును. ఇది రుచికి మాత్రమే గాక ఆరోగ్యమునకును సంబంధించినది. ఆహారములో రోగకారక క్రిములు 5 డిగ్రీలకు 60 డిగ్రీలకు నడుమ గోరువెచ్చదనములో శీఘ్రముగా పెరుగును. కావున పొగలు గ్రక్కుచు వచ్చిన ఇడ్లీ, పాకములో మునిగిన కాజా, కాలిన పెనముపై నుండి దిగిన అట్టు నిర్భయముగా తినదగినవి. పరదేశములో కడుపు చెడుటకు తఱచు కారణములు ఎప్పుడో తఱిగి ఉంచిన పండ్ల ముక్కలు, మధ్యాహ్నము చేసి రాత్రి వడ్డించు పచ్చళ్లు, ఎక్కడివో తెలియని నీళ్లు. ఊరివారిని అడుగునప్పుడును అడుగు తీరు కొంత యున్నది. 'ఇక్కడ ప్రసిద్ధమైనదేది' యని అడిగినచో బోర్డు పేరు చెప్పుదురు. 'మీ రుదయము ఎక్కడ తిందురు' అని ఆటో నడుపు అబ్బాయిని గాని, మందుల దుకాణమాయనను గాని అడిగినచో సందు పేరు చెప్పుదురు. ఆ సందులోనికే పోవలెను. ఒక్క పూటలో నాలుగు చోట్ల తిని అన్నిటిని చూచితిమనుకొనుటకు బదులు, ఒక చోట కూర్చుండి ఆకలితో తినుట మంచిది. నిండిన కడుపుతో తిన్న ఉత్తమ పదార్థమునకును న్యాయము జరుగదు.

ఇంతకును ఇంటిలో ఎదురు చూచువారికి ఏమి తీసికొనిపోవలెనను ప్రశ్న మిగిలియున్నది. ఆత్రేయపురములో దానికి చక్కని ఉపాయము కలదు. అక్కడ చుట్టిన పూతరేకులే గాక వట్టి రేకులను కూడ దొంతరలుగా అమ్ముదురు. రేకులో తడి లేదు, నెయ్యి లేదు, కనుక చెడునది ఏమియు లేదు. దానికి శత్రువులు రెండే, ఒకటి కుదుపు, రెండవది గాలిలోని తేమ. బల్లపరుపు అట్టపెట్టెలో పెట్టించి, ఒడిలో నుంచుకొని తెచ్చి, మూత బిగుతుగానున్న డబ్బాలో భద్రపఱచినచో ఇంటివారికి నిన్నటి పూతరేకు పెట్టనక్కరలేదు. అందఱు కూర్చున్న తరువాత వారి యెదుటనే చుట్టి ఇయ్యవచ్చును. గుడ్డను తడిపి గట్టిగా పిండి, రేకుపై ఒత్తకుండ ఒక్కసారి తాకించవలెను. నెయ్యి అప్పుడే కరిగించినదై గోరువెచ్చగా నుండవలెను. మరుగు నెయ్యి తగిలిన రేకు ముడుచుకొనును. చక్కెరను ఏలకులతో కలిపి మెత్తగా పొడిచేసి జల్లించవలెను. బెల్లము వాడదలచినవారు గట్టి అచ్చుబెల్లమును తురిమి, ఒక పూట ఎండలో ఆరనిచ్చి ఉంచుకొనుట అవసరము, ఏలయన తడి బెల్లము పడిన చోట రేకు చిరిగిపోవును.